ఇంట్లోనే సంగీత సాధన, 6వ పాఠం: కాలం మారినా చెయ్యి మారకూడదు

పోయిన పాఠంలో మొదటి సరళీ వరసని (సరిగమపదనిస పైకి, సనిదపమగరిస కిందకి) మూడు కాలాల్లో, అంటే స్వరాల మూడు వేగాల్లో పాడి పంపమన్నాను. ఈసారి ఒక్కో స్వరాన్నీ జంటగా పాడే జంట వరసలు మొదలుపెట్టాల్సింది, కానీ మీ రికార్డింగులు విన్నాక వాటిని వాయిదా వేస్తున్నాను. ఈ వరసలు పాడే మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం (‘రి’) కొందరికి కాస్త పైకి జారుతోంది. తంబురా పెట్టుకుని నెమ్మదిగా పాడితే అది సర్దుకుంటుంది. అసలు చిక్కంతా చేతితోనే. రెండో కాలం అనగానే అమలాపురం నుంచి భీమవరం దాకా అందరి చేతులూ పరుగందుకున్నాయి.

చేతి వేగం పెంచితే మీరు పాడింది రెండో కాలం కాదు. మొదటి కాలాన్నే తొందరగా పాడారంతే. ఆదితాళంలో దెబ్బ, మూడు వేళ్ల లెక్క కలిసి లఘువు, ఆ తర్వాత దెబ్బ, విసురు చొప్పున రెండు ద్రుతాలు. ఈ ఎనిమిది క్రియలూ, అంటే చేతి కదలికలూ, ఒకే నడకలో సాగాలి, స్వరాలు మాత్రమే రెట్టింపవ్వాలి.

మొదటి కాలంలో క్రియకి ఒక స్వరం కాబట్టి వరసలోని 16 స్వరాలకి రెండు ఆవర్తాలు (తాళం పూర్తి చుట్లు) పడతాయి. రెండో కాలంలో దెబ్బకి సరి, చిటికెన వేలికి గమ, ఉంగరపు వేలికి పద, మధ్య వేలికి నిస. అవరోహణ (కిందకి దిగే వరస) మొదలయ్యే పై షడ్జం (‘స’) సరిగ్గా మొదటి ద్రుతం దెబ్బ మీద పడాలి. పడలేదంటే చెయ్యి ఎక్కడో జరిగినట్టే. మూడో కాలంలో వరసంతా లఘువులోనే అయిపోతుంది, రెండోసారి ఎత్తుకోవాల్సింది ద్రుతం దెబ్బ మీద. ఒక్కసారి పాడి ఆపేస్తే ఆవర్తం సగంలో తెగుతుంది. చాలామంది అలాగే ఆపారు.

మన వైపు పెళ్లిళ్లలో సన్నాయి మేళం దగ్గర కూర్చుంటే, డోలు వాయించే ఆయన్ని వదిలేసి పక్కన తాళాలు వేసే ఆయన్ని చూడండి. డోలు మీద దెబ్బలు రెట్టింపవుతున్నా ఆయన చెయ్యి తొణకదు. తొడ మీద మీ చెయ్యి అలా ఉండాలి.

మెట్రోనోమ్ యాప్ పెట్టుకోవచ్చా అని అడిగారు. నాకిష్టం లేదు, లెక్క మీ చేతికే అలవాటవ్వాలి. దానికి బదులు నోటితో రెండో కాలానికి క్రియకొక ‘తక’, మూడో కాలానికి ‘తకధిమి’ అనుకుంటూ చెయ్యి వేయండి. అది కుదిరాకే స్వరం ఎత్తుకోండి. వినేటప్పుడూ ఇదే పని. కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కచేరీలో ఆదితాళం కీర్తన ఒకటి పెట్టుకుని, స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) పై కాలం అందుకున్న చోట మీ చెయ్యి ఏం చేస్తోందో గమనించండి.

ఇక సాధన. మొదటి కాలం ఒకసారి, రెండోది రెండుసార్లు, మూడోది నాలుగుసార్లు, మళ్లీ రెండోది రెండుసార్లు, మొదటిది ఒకసారి. మధ్యలో తాళం ఆగకూడదు. ఒక్కో విడతకీ రెండేసి ఆవర్తాలు, మొత్తం 10. క్రియకి ఒక సెకను చొప్పున ప్రతి విడతకీ 16 సెకన్లు పట్టాలి. మూడో కాలం 12 సెకన్లకే అయిపోయిందంటే చెయ్యి పరుగెత్తిందన్నమాట, మళ్లీ మొదటి నుంచి పాడండి. ఈసారి ఆడియో వద్దు, చెయ్యి కనబడేలా వీడియో తీసి పంపండి.