మోడల్ కలప కోయడానికి చిన్న టేబుల్ రంపం కొంటున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూడండి

ఓడ మోడళ్ళు చేసేవాళ్ళకి, బొమ్మల కొలువులో పెట్టడానికి చిన్న మండువా ఇల్లు కట్టేవాళ్ళకి, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకి ఏదో ఒక రోజు ఈ అవసరం వస్తుంది. కావలసిన సైజు బద్ద షాపులో దొరకదు, మనమే కోసుకోవాలి. 1:48 స్కేలులో పది అంగుళాల డెక్ పలక వెడల్పు 5.3 మి.మీ.కి దిగుతుంది. 1:87 రైలు మోడల్‌లో రెండంగుళాల మందం 0.6 మి.మీ. కూడా ఉండదు. చేతి రంపంతో ఇలాంటివి యాభై బద్దలు ఒకే కొలతలో తియ్యడం కష్టం. అందుకే చిన్న టేబుల్ రంపం, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే మిషన్, కోసం వెతకడం మొదలుపెడతాం.

అరచేతిలో పట్టేంత బ్లేడే కదా అని ధైర్యం తెచ్చుకోకండి. కోసే ముక్క చిన్నదయ్యేకొద్దీ వేళ్ళు బ్లేడుకి దగ్గరవుతాయి. వడ్రంగి పెద్ద మిషన్ మీద పలక తోసేటప్పుడు చెయ్యి బ్లేడుకి మూరెడు దూరంలో పెట్టుకోగలడు. మనం మూడు మి.మీ. బద్ద తీసేటప్పుడు అంత చోటే ఉండదు. కాబట్టి ఎలాంటి రంపం కొంటున్నాం అన్న దగ్గరే మన జాగ్రత్త మొదలవ్వాలి.

ముందు అసలు మీకు రంపం కావాలా అన్నది చూసుకోండి. ఒకటి రెండు మి.మీ. బాల్సా (చాలా తేలికైన, మెత్తని కర్ర) షీట్లయితే స్టీలు స్కేలు, పదునైన కత్తి చాలు. రంపం అవసరమయ్యేది గట్టి చెక్క నుంచి బద్దలు తీసేటప్పుడు.

తలకిందులు చేసిన మార్బుల్ కట్టర్ వద్దు

మన దగ్గర అందరికీ ముందు తట్టే ఆలోచన ఇదే. ప్లైవుడ్‌కి కన్నం పెట్టి, కింద నుంచి మార్బుల్ కట్టర్ బిగించి, చెక్క కోసే నాలుగంగుళాల బ్లేడు వేసేయడం. కొందరు యాంగిల్ గ్రైండర్‌తో కూడా చేస్తారు. ఖర్చు తక్కువే గానీ దయచేసి ఈ పని చెయ్యకండి. మార్బుల్ కట్టర్ నిమిషానికి పన్నెండు వేల చుట్లు పైగా తిరుగుతుంది. బ్లేడు మీద కాపు (గార్డు) ఉండదు, వెనక చెక్కను విడదీసి పట్టే రేకు ఉండదు. పైగా స్విచ్ నొక్కి పట్టకుండా లాక్ చేసేస్తాం, అది బల్ల కింద ఎక్కడో ఉంటుంది. చెక్క ఇరుక్కున్న క్షణంలో చెయ్యి దాన్ని వెతుక్కోవాలి.

ఇంకో ప్రమాదం మన ఊళ్ళలో మరీ ఎక్కువ. కోస్తుండగా కరెంటు పోతుంది. బ్లేడు ఆగిపోయింది కదా అని ఇరుక్కున్న ముక్కను వేళ్ళతో లాగుతాం. సరిగ్గా అప్పుడే కరెంటు వస్తే, లాక్ చేసిన స్విచ్ వల్ల బ్లేడు దానంతట అదే తిరుగుతుంది. ఏ రంపం కొన్నా ఈ ఒక్క పరీక్ష తప్పక చెయ్యండి: మిషన్ ఆన్‌లో ఉండగా గోడ దగ్గర స్విచ్ కట్టేసి, మళ్ళీ వెయ్యండి. మిషన్ తిరగడం మొదలైతే అందులో ఆ రక్షణ లేనట్టే. మళ్ళీ బటన్ నొక్కితే తప్ప తిరగని స్విచ్ విడిగా దొరుకుతుంది. ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోండి. అంతవరకు కరెంటు పోగానే ప్లగ్ పీకడం అలవాటు చేసుకోండి.

ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే, చిన్న మోటారుతో అడాప్టర్ మీద నడిచే బుల్లి రంపాలు బాల్సా, మెత్తని చెక్క పల్చటి షీట్ల వరకు పనికొస్తాయి. టేకు పెడితే మోటారు మూలుగుతూ ఆగుతుంది. చాలావాటిలో ఫెన్స్, అంటే చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ, ఒక చివరే బిగుస్తుంది, రెండో చివర ఊగుతుంది. బ్లేడు మీద కాపు లేకపోతే అది ఎంత తక్కువ ధరకి వచ్చినా కొనకండి.

ఈ పనికి పేరున్నవాటిలో ప్రాక్సాన్ కేఎస్ 230 బ్లేడు 58 మి.మీ., అదే కంపెనీ ఎఫ్ఈటీ బ్లేడు 80 మి.మీ. అమెరికాలో ఓడ మోడళ్ళు చేసేవాళ్ళు ఎంతో ఇష్టంగా చెప్పే బర్న్స్ రంపం బ్లేడు నాలుగంగుళాలు. అక్కడి నుంచి బంధువుల చేత తెప్పించుకునే ఆలోచన ఉంటే మోటారు ఎన్ని వోల్టులదో ముందు అడగండి. 120 వోల్టుల మిషన్‌ని మన 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే మోటారు కాలిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్ ఉన్న మిషన్‌కి సరైన ఎర్తింగ్ ఉన్న సాకెట్ తప్పనిసరి.

ఫెన్స్, బ్లేడు

డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాలంటే ఫెన్స్ మీద పెట్టండి. ఫెన్స్ బ్లేడుకి సమాంతరంగా ఉండాలి. వెనక వైపు కొంచెం లోపలికి వచ్చినా చెక్క బ్లేడుకి, ఫెన్స్‌కి మధ్య నలిగి మీ మీదకే వెనక్కి ఎగురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. సన్నని బద్ద అయితే బాణంలా వస్తుంది. బ్లేడు మీద ఒక పన్నుకి స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టండి. ప్లగ్ తీసేసి, ఆ పన్ను ముందు వైపు ఉన్నప్పుడు ఒకసారి, దాన్నే వెనక్కి తిప్పి ఇంకోసారి వెర్నియర్ కాలిపర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) ఫెన్స్ దూరం కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా ఉంటే వెనక వైపే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి గానీ తగ్గకూడదు. షాపులో కొనేటప్పుడే ఇది చేసి చూడండి, అమ్మేవాళ్ళు విసుక్కున్నా పర్లేదు.

మందపాటి బ్లేడు చెక్కనంతా పొట్టు చేసేస్తుంది. 50 మి.మీ. పలక నుంచి 2 మి.మీ. బద్దలు తీస్తున్నారనుకోండి. బ్లేడు 2 మి.మీ. మందం కోస్తే 13 బద్దలు వస్తాయి, అర మి.మీ. కోస్తే 20 వస్తాయి. అందుకే మోడల్ పనిలో పల్చటి స్లిట్టింగ్ బ్లేడు వాడతారు. కానీ దానికి పళ్ళు పక్కలకి వంచి ఉండవు కాబట్టి మందపాటి చెక్కలో ఒరుసుకుని వేడెక్కుతుంది. చెక్క నల్లగా మాడిన వాసన వస్తే ఇంకా గట్టిగా తొయ్యకండి. ఆపి, తక్కువ పళ్ళ బ్లేడు వెయ్యండి. ఈ ఉక్కు బ్లేడు పెళుసు. పక్కకి వంగితే ముక్కలై ఎగురుతుంది. చూపు కోసం పెట్టుకునే కళ్ళజోడు అప్పుడు కాపాడదు, పక్కలు కూడా మూసి ఉండే పాలీకార్బొనేట్ కళ్ళజోడు పెట్టుకోండి. బ్లేడు మీద రాసిన వేగం మీ మిషన్ వేగం కన్నా తక్కువైతే ఆ బ్లేడు వెయ్యనే వెయ్యొద్దు.

కోసేటప్పుడు

కొత్త రంపానికి నేను ముందు చూసేది బ్లేడు చుట్టూ ఉన్న సందు. సన్నని బద్ద ఆ సందులోకి జారి, బ్లేడు పళ్ళకి చిక్కి, దాన్ని పట్టుకున్న వేలిని కూడా లాగుతుంది. బల్లలో బ్లేడు చుట్టూ బిగించి ఉండే చిన్న పలక తీసి, అదే కొలతకి పల్చటి ప్లైవుడ్ ముక్క బిగించండి. ఫెన్స్‌ని దాని అంచు మీదకి జరిపి అదిమిపెట్టి, తిరుగుతున్న బ్లేడుని కింద నుంచి మెల్లగా పైకి లేపండి. బ్లేడు తనకి కావలసినంత సందు తనే కోసుకుంటుంది. ఎత్తు మార్చే వీలున్న రంపం కొనమనడానికి ఇదో కారణం. ఇక కోసేటప్పుడు చెక్క పైకి ఒక పన్ను ఎత్తు కనిపిస్తే చాలు.

సన్న బద్దని బ్లేడుకి, ఫెన్స్‌కి మధ్య కోయకుండా బయటి వైపు పడేలా కోయండి. ప్రతిసారీ ఫెన్స్ జరపాల్సి వస్తుంది, ఓపిక పట్టండి. తొయ్యడానికి వేళ్ళు వద్దు, కింద మడమ ఉన్న ప్లైవుడ్ తోపుడు కర్ర రెండు మూడు చేసి పెట్టుకోండి. అరిగితే పారేసే వస్తువే కదా. బ్లేడు ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడండి. చేతికి గ్లౌజులు, మెడలో చున్నీ, వదులు చేతుల చొక్కా, ఉంగరం ఏవీ వద్దు. జుట్టు ముడెయ్యండి.

చెక్క సంగతి. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి, ఏటికొప్పాక అంకుడు కర్ర మెత్తనివి, మొదటి ప్రయత్నానికి మంచివి. టేకులో సిలికా ఉంటుంది, ఉక్కు బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. మొద్దు బ్లేడుతో ఎక్కువ బలం పెడతాం, చెయ్యి జారేది అప్పుడే. వానాకాలంలో తడి పీల్చిన చెక్క కోస్తుండగానే మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది. కొన్ని వారాలు ఇంట్లో ఆరనిచ్చి కోయండి.

సన్నని పొట్టు కళ్ళకి కనిపించకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెక్క పొట్టు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ఎన్95 మాస్కు, రంపానికి వ్యాక్యూమ్ గొట్టం రెండూ ఉండాలి. పడగ్గదిలో కోయకండి.

ఆర్కిటెక్చర్ పిల్లలకి ప్రత్యేకంగా ఒక మాట. రేపు సబ్మిషన్, ఈ రాత్రి రెండింటికి రంపం ముందు కూర్చోకండి. కోతలన్నీ నాలుగు రోజుల ముందు పగలే ముగించండి, రాత్రికి అతికించే పని మిగుల్చుకోండి. టెన్షన్‌లో ఉన్నవాళ్ళు తోపుడు కర్ర వెతకరు, వేలే పెడతారు.

వేలు తెగితే పసుపు, కాఫీ పొడి అద్దకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి, వాపు రాకముందే ఉంగరాలు తీసెయ్యండి. ముక్క పూర్తిగా తెగిపోతే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసు వేసిన నీళ్ళలో ఉంచండి. ముక్కకి ఐసు నేరుగా తగలకూడదు. 108కి ఫోన్ చెయ్యండి, వేళ్ళు అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి. మీ ఊళ్ళో ఆ ఆసుపత్రి ఏదో రంపం కొన్న రోజే కనుక్కుని, నంబరు మిషన్ పక్క గోడ మీద రాసి పెట్టుకోండి.