గ్యాస్ పైప్‌లైన్ రిస్క్ - 4వ పాఠం: లోపలి తుప్పు, బయటి మంట

పోయిన పాఠంలో మట్టి వల్ల పైపుకు పట్టే తుప్పు చూశాం. ఈసారి లోపలి నుంచి తినే తుప్పు, దాంతోపాటు ఒక చిన్న లెక్క. కాగితం, పెన్ను, ఫోన్లో క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి.

ముందు నగరం గ్రామం సంగతి. కోనసీమలో, మామిడికుదురు మండలంలో ఉంటుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ వాళ్ల 18 అంగుళాల గ్యాస్ లైన్ పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్లో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే పెట్రోలు లాంటి ద్రవం) కలిసిన తడి గ్యాస్ పంపడమే అసలు కారణమని విచారణలో తేలింది.

తడి ఉంటే ఏమవుతుంది? గ్యాస్‌లో ఉండే కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగి ఆమ్లం అవుతుంది. గోలీ సోడా తాగినప్పుడు నాలుకకు చురుక్కుమని తగిలేది అదే. ఏళ్ల తరబడి ఉక్కును తినేదీ అదే. పైగా పైపంతా సమానంగా తినదు. తోటకు నీళ్లు పట్టాక మోటారు ఆపేస్తే గొట్టంలో నీళ్లు ఎక్కడ మిగులుతాయో గుర్తు తెచ్చుకోండి. పల్లంలోనే కదా! పైప్‌లైన్ కూడా కాలువ కిందికి దిగి మళ్లీ పైకి లేచే చోట, పైపు అడుగున, గడియారంలో 6 అంకె ఉండే వైపు నీరు నిలుస్తుంది. అక్కడే గుంటలు పడతాయి. అందుకే లైన్ మ్యాప్ చేతికి రాగానే మొదట చేయాల్సిన పని, ఇలాంటి పల్లాలన్నిటికీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టడం.

ఇక లెక్క. పైపు తెగి మంట లేస్తే ఆ వేడి ప్రాణాలు తీసేంతగా ఎంత దూరం వస్తుంది? అమెరికా ప్రమాణాల్లో ఉన్న సూత్రాన్ని మీటర్లలోకి మారిస్తే ఇలా వస్తుంది:

దూరం = 0.8 × పైపు వ్యాసం (అంగుళాల్లో) × ప్రెషర్ (బార్లలో) వర్గమూలం

బార్ అంటే ప్రెషర్ కొలత, ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత. 18 అంగుళాల పైపు, 49 బార్ల ప్రెషర్ అనుకుందాం. 49కి వర్గమూలం 7. 0.8 × 18 × 7 = 100.8. అంటే లైన్‌కు అటు వంద మీటర్లు, ఇటు వంద మీటర్లు. (49 లెక్క సులువు కోసం తీసుకున్నదే, నగరంలో ఆ రోజున్న ప్రెషర్ కాదు.) ఇది సహజవాయువుకే పనిచేస్తుంది. ఎల్‌పీజీ, పెట్రోలు లైన్లకు వాడకండి.

ఈ గీత అవతల ఉంటే క్షేమమని మాత్రం అనుకోవద్దు. 2000 ఆగస్టు 19న న్యూమెక్సికోలో, కార్ల్స్‌బాడ్ దగ్గర పెకోస్ నది ఒడ్డున 30 అంగుళాల లైన్ పగిలింది. అక్కడా లోపలి తుప్పే. ప్రెషర్ సుమారు 46 బార్లు, కాబట్టి 0.8 × 30 × 6.8 = 163 మీటర్లు. కానీ 200 మీటర్లకు పైగా దూరంలో క్యాంపు వేసుకున్న 12 మందీ చనిపోయారు. మనిషి అర నిమిషంలోపు ఏదో గోడ చాటుకు చేరతాడన్న లెక్క మీద ఈ సూత్రం తయారైంది. నది ఒడ్డున గోడ ఎక్కడుంది?

నగరం గ్రామంలో జరిగింది ఇంకో రకం. గ్యాస్ ముందు లీకై చుట్టూ పరుచుకుంది, తర్వాత అంటుకుంది. అలాంటప్పుడు ఈ గీతకు విలువే లేదు. అందుకే లైన్ పక్కన ఉండే ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలి: బుస్సుమనే శబ్దం, వాసన, కాలువలో ఆగకుండా బుడగలు, ఒకేచోట పచ్చగడ్డి ఎండిపోవడం, వీటిలో ఏది కనిపించినా పొయ్యి వెలిగించకూడదు, స్విచ్ వేయకూడదు, బండి స్టార్ట్ చేయకూడదు. గాలి ఎటు నుంచి వీస్తోందో అటు నడిచి, దూరం వెళ్లాకే, లైన్ వెంట పాతిన మార్కర్ రాయి మీది నంబర్‌కు ఫోన్ చేయాలి. ఆ నంబర్ ఈ రోజే ఫోన్లో సేవ్ చేసుకోండి.

అభ్యాసం: 24 అంగుళాలు, 64 బార్లు. దూరం కట్టి, మీకు తెలిసిన ఊరి మ్యాప్ మీద లైన్‌కు రెండు వైపులా గీయండి. లోపల పడిన ఇళ్లను లెక్కపెట్టి ఆపేయకండి. అంగన్‌వాడీ, మంచం దిగలేని ముసలివాళ్లున్న ఇల్లు, వారం సంత జరిగే చోటు విడిగా రాసుకోండి. దూరం 153.6 మీటర్లు రావాలి.

వచ్చే పాఠంలో, పైపు లోపలికి పంపి గుంటలు వెతికే పిగ్ అనే పరికరం చూద్దాం. కార్ల్స్‌బాడ్‌లో పగిలిన ముక్కలోకి ఆ పిగ్ దూరే వీలే లేదు. అక్కడి నుంచే మొదలుపెడదాం.