రాయగడలో ఉండి దుబాయ్‌లో ఫ్లాట్ కొనాలంటే ముందు డబ్బు దారి చూసుకోండి

మా తమ్ముడు తొమ్మిదేళ్ళుగా దుబాయ్‌లో ఉంటున్నాడు. ఈమధ్యే వాడి పేరూ నా పేరూ కలిపి అక్కడ ఒక సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్ తీసుకున్నాం. ఆ సంగతి తెలిసినప్పట్నుంచి ఒడిశాలో మా రాయగడ చుట్టుపక్కల గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మనవాళ్ళు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు, అందరిదీ మొదట ఒకటే మాట, ఏ ఏరియాలో కొంటే మంచిది అని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. కొనేది ఎవరు, డబ్బు ఎవరి ఖాతాలోంచి ఏ దారిలో వెళ్తుంది, ఈ రెండూ తేలకుండా ఫ్లాట్ ఫోటోలు చూడటం మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ రాదు. మాకు మొదటి నాలుగు నెలలు అలాగే గడిచాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇండియాలో ఉంటున్నవాళ్ళకీ, ఉద్యోగానికి వెళ్ళి అక్కడే ఉంటున్నవాళ్ళకీ రూల్స్ వేరు. మీ అబ్బాయో అల్లుడో అక్కడ పనిచేస్తుంటే ఫెమా (విదేశీ మారక ద్రవ్యం లావాదేవీల చట్టం) ప్రకారం అతను నాన్ రెసిడెంట్. తన జీతంతో, అక్కడి బ్యాంకు లోన్‌తో అతను ఏం కొనుక్కున్నా మన రిజర్వ్ బ్యాంకు లిమిట్ ఏదీ అడ్డు రాదు. రేపు ఉద్యోగం వదిలి రాయగడ వచ్చేసినా ఆ ఫ్లాట్ అమ్మేయక్కర్లేదు, బయట ఉన్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవచ్చని ఫెమా 6(4) సెక్షన్‌లోనే ఉంది. అతని ఎన్ఆర్ఈ ఖాతాలో (బయట సంపాదించింది ఇక్కడ దాచుకునే ఖాతా) ఉన్నది ఎంతైనా తీసుకెళ్ళొచ్చు. ఎన్ఆర్ఓ ఖాతాలోది (ఇండియాలో వచ్చే ఆదాయం పడే ఖాతా) అయితే ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు, దానికి పన్ను సంగతి చూపే ఫారం, సీఏ సర్టిఫికెట్ కావాలి. కాబట్టి ఇంట్లో ఒకరు అక్కడ ఉంటే ఫ్లాట్ వాళ్ళ పేరున, వాళ్ళ డబ్బుతో కొనడమే అన్నిటికంటే తేలిక.

ఇక్కడ ఉంటున్న మనం కొనాలంటే దారి ఎల్ఆర్ఎస్, అంటే ఏటా ఒక లిమిట్ దాకా బయటికి డబ్బు పంపుకోనిచ్చే రిజర్వ్ బ్యాంకు స్కీము. 2004లో మొదలైనప్పుడు మనిషికి 25,000 డాలర్లు, ఇప్పుడు ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక్కొక్కరికి 2,50,000 డాలర్లు. పాన్ కార్డు, ఏ2 ఫారం (బయటికి డబ్బు పంపమని బ్యాంకుకి ఇచ్చే దరఖాస్తు) తప్పనిసరి. 2022 ఆగస్టులో వచ్చిన ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్‌లో ఆస్తి ఎలా కొనొచ్చో స్పష్టంగా రాశారు: ఎల్ఆర్ఎస్ కింద పంపి కొనొచ్చు, దగ్గరి బంధువులు తమ తమ లిమిట్లు కలుపుకోవచ్చు, బయట ఉంటున్న బంధువుతో జాయింట్‌గా కూడా కొనొచ్చు. మేం చేసింది ఈ ఆఖరిదే. ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి, లిమిట్లు కలిపేవాళ్ళందరూ ఆ ఆస్తిలో ఓనర్లుగా ఉండాలి. మీ ఆవిడ ఖాతాలోంచి డబ్బు పంపి డాక్యుమెంట్ మీ ఒక్కరి పేరునే రాయించుకుంటామంటే కుదరదు.

లెక్క ఒకటి వేసి చూద్దాం. దిర్హాం రేటు 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గరే కట్టి ఉంది, అంటే 2,50,000 డాలర్లంటే సుమారు 9,18,000 దిర్హాములు. ఫ్లాట్ 9 లక్షల దిర్హాములు అనుకోండి, సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం, అంటే 36,000. ఏజెంట్ కమిషన్ మామూలుగా 2 శాతం, దాని మీద 5 శాతం వ్యాట్, కలిపి 18,900. ట్రాన్స్‌ఫర్ చేసే ఆఫీసు ఫీజు ఇంకో నాలుగు వేల పైన. అంతా కలిపితే 9,59,000 దాటుతుంది, ఒక మనిషి ఒక ఏడాది లిమిట్‌లో పట్టదు. ఫ్లాట్ ధర మాత్రమే చూసి అడ్వాన్స్ ఇచ్చి తర్వాత ఇరుక్కున్నవాళ్ళని నేను చూశాను.

లోన్ సంగతి. ఇక్కడి బ్యాంకులో హోమ్ లోన్ తీసుకుని అక్కడ కొనొచ్చా అని దాదాపు అందరూ అడుగుతారు. కొనకూడదు. ఎల్ఆర్ఎస్ కింద ఆస్తులూ షేర్లూ కొనడానికి పంపే డబ్బుకి బ్యాంకులు ఏ రకమైన అప్పూ ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు రూల్. ఉన్న ఇంటిని వేరే పని పేరు చెప్పి తాకట్టు పెట్టి ఆ డబ్బు పంపేద్దాం అని సలహా ఇచ్చేవాళ్ళు మన చుట్టుపక్కలే ఉంటారు, వినకండి, ఈ డబ్బు నాదే అని సంతకం పెట్టేది మీరు, వాళ్ళు కాదు.

అక్కడ ఉద్యోగం చేసేవాళ్ళకి అక్కడి లోన్ దొరుకుతుంది. యూఏఈ సెంట్రల్ బ్యాంకు లెక్క ప్రకారం విదేశీయుడి మొదటి ఇల్లు 50 లక్షల దిర్హాముల లోపైతే విలువలో 80 శాతం దాకా, ఇంకా కట్టని ప్రాజెక్టు అయితే 50 శాతమే, గడువు 25 ఏళ్ళ లోపు, నెల జీతంలో సగానికి మించి అన్ని ఈఎంఐలూ కలిపి ఉండకూడదు. 2025 ఫిబ్రవరి నుంచి ఆ 4 శాతం ఫీజు, 2 శాతం కమిషన్ లోన్‌లో కలపడం ఆపేశారు, చేతి డబ్బే కట్టాలి. కాబట్టి 80 శాతం లోన్ అన్నా చేతిలో 26, 27 శాతం లేకుండా దిగొద్దు. ఇక్కడ ఉంటున్నవాళ్ళకి అక్కడ లోన్ ఇచ్చే బ్యాంకులు తక్కువ, ఇచ్చినా తక్కువే ఇస్తారు, పైగా మన రెసిడెంట్ బయట దేశంలో అప్పు చేయడం ఫెమాలో వేరే చిక్కు. మా సీఏ గారు దాని జోలికి వెళ్ళొద్దన్నారు. అందుకే మేం లోన్ లేకుండా, తమ్ముడి సేవింగ్స్, నా ఎల్ఆర్ఎస్ డబ్బు కలిపి కొన్నాం.

టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను, దాని దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆస్తి కోసం పంపే డబ్బు ఒక మనిషికి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన దాని మీద 20 శాతం బ్యాంకు ముందే పట్టుకుంటుంది. అది పోయిన డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో సర్దుకుంటుంది, మిగిలితే తిరిగొస్తుంది, కానీ అప్పటిదాకా నెలల తరబడి చేతిలో ఉండదు. మీరు ఒక్కరే ఒకే ఏడాది 90 లక్షలు పంపితే 80 లక్షల మీద 16 లక్షలు ఆగిపోతాయి. భార్యాభర్తలిద్దరూ ఓనర్లుగా చెరో 45 లక్షలు పంపితే ఇద్దరిదీ కలిపి 14 లక్షలు. అదే ఇద్దరూ సగం మార్చిలో, సగం ఏప్రిల్లో పంపితే రెండు ఆర్థిక సంవత్సరాలు అవుతాయి కాబట్టి 10 లక్షలే ఆగుతాయి. అమ్మేవాళ్ళు తేదీల విషయంలో ఒప్పుకుంటే ఈ మార్చి, ఏప్రిల్ పద్ధతి చట్టబద్ధంగానే బాగా పనికొస్తుంది. జీతం వచ్చేవాళ్ళైతే ఈ టీసీఎస్ సంగతి ఆఫీసులో చెప్పుకుంటే నెలనెలా కోసే టీడీఎస్‌లో తగ్గించుకునే వీలు కూడా ఇప్పుడు ఉంది. ఒకవేళ మీ ఆవిడ వాటా డబ్బు మీరే ఇచ్చుంటే రేపు ఆ వాటా అద్దె మీ ఆదాయంలోనే కలుస్తుంది, అది ముందే తెలుసుకోండి.

ఇప్పుడు బ్యాంకు. మన చిన్న ఊళ్ళ బ్రాంచిల్లో ఫారెక్స్ పని రోజూ చేసేవాళ్ళు ఉండరు, ఫైలు పెద్ద ఊరి బ్రాంచికి వెళ్ళి రావాలి, కాబట్టి రెండు మూడు వారాలు చేతిలో పెట్టుకోండి. ఖాతా కనీసం ఏడాది పాతది అయుండాలి, కొత్తదైతే పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు అడుగుతారు. మాకు దెబ్బ తగిలింది పేరు దగ్గర. నాకు పాన్‌లో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా చివర, ఆధార్‌లో ఒడియా ఉచ్చారణ పట్టుకుని ఎవరో రాసిన స్పెల్లింగు. మన వైపు సగం మంది తెలుగువాళ్ళ పరిస్థితి ఇదే. అది సరిచేసి తెచ్చేసరికి అమ్మేవాళ్ళకి ఇచ్చిన తేదీ దాటిపోయి, ఇంకోసారి బతిమాలి గడువు అడగాల్సొచ్చింది. అందుకే ఫ్లాట్ వెతకడానికి ముందే అన్నిట్లో ఒకే పేరు ఉండేట్టు చూసుకోండి. రెండోది, నేను పంపిన డబ్బు నాన్నగారి స్థలం అమ్మితే వచ్చింది, ఆ డాక్యుమెంట్ ఒడియాలో ఉంది. డబ్బు ఎక్కడిదని బ్యాంకు అడిగినప్పుడు దాని ఇంగ్లీషు అనువాదం నోటరీ చేయించి పెట్టాను. రేటు కూడా అడగండి, ఆ రోజు మార్కెట్ రేటుకీ బ్యాంకు చెప్పే రేటుకీ తేడా రూపాయల్లో చూస్తే చిన్నదే, 50 లక్షలు పంపేటప్పుడు చిన్నది కాదు.

ఇక్కడే ఇంకో దారి చూపించేవాళ్ళు తగులుతారు. విశాఖలో ఒక హోటల్లో పెట్టిన ప్రాపర్టీ షోలో మాకూ చెప్పారు: రూపాయలు ఇక్కడ ఫలానా మనిషికి ఇచ్చేయండి, దిర్హాములు అక్కడ పడిపోతాయి, టీసీఎస్ గొడవ ఉండదు, లిమిట్ ఉండదు అని. అది హవాలా. ఫెమాలో దొరికితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా, పైగా బయట ఉన్న ఆస్తికి సమానమైన విలువ గల ఆస్తిని ఇక్కడ మన దగ్గర జప్తు చేసే అధికారం కూడా ఉంది. అంటే రాయగడలో మనం పడుకునే ఇల్లే పోవచ్చు. దయచేసి ఆ మాట అన్నవాళ్ళతో ఇంకో నిమిషం కూడా మాట్లాడకండి. బుకింగ్ డబ్బు క్రెడిట్ కార్డు మీద గీకేయమన్నా వద్దు, ఆస్తి డబ్బు బ్యాంకు నుంచి ఏ2 ఫారం మీదే వెళ్ళాలి.

ఇన్ని తేలాక అప్పుడు ఫ్లాట్ దగ్గరికి రండి. మన జిల్లాల్లో పెరిగినవాళ్ళకి ఒకటి తొందరగా అర్థమవుతుంది. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఆదివాసీ భూమిని వేరేవాళ్ళు కొనడానికి వీల్లేదు, 1956 రెగ్యులేషన్ ఉంది, అందుకే మనం భూలేఖ్‌లో (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్) పట్టా చూడకుండా అడ్వాన్స్ ఇవ్వం. కారణాలు వేరు కానీ దుబాయ్‌లోనూ ఎక్కడపడితే అక్కడ విదేశీయుడు కొనలేడు. 2006 చట్టం ప్రకారం ప్రకటించిన ఫ్రీహోల్డ్ ప్రాంతాల్లోనే పూర్తి హక్కుతో కొనొచ్చు. మీ ఫ్లాట్ ఆ ప్రాంతంలో ఉందో లేదో, టైటిల్ డీడ్ నిజమైనదో కాదో ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ దుబాయ్ రెస్ట్ యాప్‌లో చూడొచ్చు. ఇంకా కడుతున్న ప్రాజెక్టు అయితే డబ్బు ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాకే (ఆ ప్రాజెక్టు పనికి మాత్రమే వాడాల్సిన ప్రత్యేక ఖాతా) పంపాలి, 2007 నుంచి అది చట్టం. కంపెనీ మామూలు ఖాతా నంబరు ఇస్తే అక్కడే ఆగిపోండి. మీ పేరున ఓకూద్ (Oqood, ఇంకా కడుతున్న ఫ్లాట్‌కి చేసే) రిజిస్ట్రేషన్ అయ్యిందో లేదో అడిగి కాగితం తీసుకోండి.

వాయిదాల్లో కట్టే ప్లాన్ చూడ్డానికి బాగుంటుంది. ప్రతి వాయిదాకీ మళ్ళీ ఏ2 ఫారం, మళ్ళీ ఆ ఏడాది లిమిట్, మళ్ళీ టీసీఎస్. దిర్హాం డాలర్‌తో కట్టి ఉంది కాబట్టి నాలుగేళ్ళలో రూపాయి ఎంత పడితే మీ ఫ్లాట్ అంత ఖరీదైపోతుంది. తాళాలు ఇచ్చాక కూడా ఇంకా రెండు మూడేళ్ళు కట్టొచ్చు అనే ప్లాన్ అప్పులా లెక్కకొచ్చే ప్రమాదం ఉంది, మీ బ్యాంకుతో, సీఏతో మాట్లాడి వాళ్ళ జవాబు రాతలో తీసుకున్నాకే సంతకం పెట్టండి. మరో సంగతి, ముందుగా పంపి ఖర్చుపెట్టకుండా అక్కడ ఉంచిన డబ్బు 180 రోజుల్లో వాడాలి, లేదా వెనక్కి తెచ్చేయాలి.

20 లక్షల దిర్హాముల ఆస్తి ఉంటే పదేళ్ళ గోల్డెన్ వీసా వస్తుందని ఏజెంట్లు చెబుతారు, అది నిజమే, కానీ మనలో ఎంతమంది అక్కడికి వెళ్ళి ఉండబోతున్నాం? ఆ ఒక్క మాటకి బడ్జెట్ రెట్టింపు చేసుకోకండి. దానికంటే సర్వీస్ చార్జీ చూడండి, చదరపు అడుక్కి ఇంత అని ఏటా కట్టాలి, అద్దెకి ఇచ్చినా ఖాళీగా ఉన్నా తప్పదు.

పిల్లలు వేరే దేశాల్లో ఉన్నవాళ్ళకి క్లుప్తంగా. కెనడాలో విదేశీయులు ఇళ్ళు కొనడంపై 2023లో నిషేధం పెట్టారు, వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళకి షరతులతో మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ నుంచి రెండేళ్ళు పాత ఇళ్ళు కొననివ్వడం లేదు. సింగపూర్‌లో విదేశీయుడికి అదనపు స్టాంప్ డ్యూటీయే 60 శాతం. అమెరికాలో కొనడం తేలికే కానీ, అక్కడ నివాసం లేని విదేశీయుడు చనిపోతే 60,000 డాలర్లు దాటిన ఆస్తి మీద ఎస్టేట్ ట్యాక్స్ ఉంటుంది, అమ్మితే మామూలుగా ధరలో 15 శాతం ముందే పట్టుకుంటారు.

కొన్నాక పని అయిపోదు. ఇండియాలో ఉంటున్నవాళ్ళు ఇక ఐటీఆర్ 1 వేయకూడదు, ఐటీఆర్ 2 వేసి షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) ఆ ఫ్లాట్ చూపించాలి, అద్దె వచ్చినా రాకపోయినా. అందులో లెక్క జనవరి నుంచి డిసెంబరుకి. చూపించకపోతే 2015 బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా. ఈమధ్య 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకి ఇచ్చిన వెసులుబాటు ఇళ్ళకీ స్థలాలకీ వర్తించదు. దుబాయ్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు కాబట్టి అద్దె మీద ఇక్కడ పూర్తిగా కట్టాల్సిందే, 30 శాతం మినహాయించి మిగిలినది మీ స్లాబులో పడుతుంది. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం.

చివరగా వీలునామా. మా తమ్ముడు దీన్ని వాయిదా వేస్తుంటే మా అమ్మే పట్టుబట్టి చేయించింది. దుబాయ్ ఆస్తికి ఇక్కడ రాసుకున్న వీలునామా ఒక్కటే ఉంటే ఇంటివాళ్ళు కోర్టుల చుట్టూ తిరగాలి, ముస్లిమేతరులు దుబాయ్‌లోనే వీలునామా రిజిస్టర్ చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు, టైటిల్ డీడ్ కాపీ, ప్రతి ఏ2 ఫారం, స్విఫ్ట్ రసీదు (బ్యాంకు డబ్బు పంపినట్టు ఇచ్చే కాగితం) అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇంట్లో బీరువాలో ఒకటి, తమ్ముడి దగ్గర ఒకటి ఉంచాం, ఫైలు ఎక్కడుందో మా ఆవిడకీ మరదలికీ కూడా చూపించాం.