చలిదేశంలో క్యాంపర్ కొన్న మన కోనసీమ కుర్రాళ్లకు

రాజోలు వైపు కుర్రాడొకడు కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉద్యోగంలో కుదురుకోగానే ముచ్చటపడి ఒక క్యాంపర్, అదే పడక, వంట అన్నీ ఉండే ప్రయాణాల బండి, కొన్నాడు. సంక్రాంతికి ఇంటికి వస్తూ దాన్ని ఆరుబయట స్టోరేజీలో వదిలేశాడు. కప్పు మీద సోలార్ ప్యానెల్ ఉంది, బ్యాటరీ నిండుగానే ఉంటుందిలే అన్న ధీమా. ఇక్కడ జగ్గన్నతోట ప్రభలు చూసుకుని, అత్తవారి మర్యాదలు అందుకుని వెళ్లాడు. ఎండాకాలం మొదటి ట్రిప్పులో తెలిసింది, కొత్త లిథియం బ్యాటరీ ఒక్క రాత్రి కూడా నిలవడం లేదని. ఫోన్‌లో అతని గొంతు విన్నాక ఇది రాయక తప్పలేదు.

నీళ్ల పైపులు ఖాళీ చేయడం, టైర్ల సంగతి అమ్మినవాళ్లే చెప్తారు. బ్యాటరీ గురించి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

మన ఇళ్లలో ఇన్వర్టర్‌ని చూస్తూ పెరిగాం. తుపాను వస్తోందంటే ముందు దాని వైపే చూస్తాం. ఏడాది పొడవునా ఛార్జింగ్‌లోనే ఉంటుంది, నాన్న అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోస్తారు, అంతే. దుప్పటితో ఆగే ధనుర్మాసం చలికి ఆ పద్ధతి చెల్లింది. మైనస్ 25లో చెల్లదు. సున్నా కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా పలక మీదే లోహపు పూతలా పేరుకుంటుంది. అలా పోయిన సామర్థ్యం తిరిగి రాదు. చలిలో ఛార్జింగ్ దానంతటదే ఆపుకునే బ్యాటరీలున్నాయి, చౌకవాటిలో కొన్నిటికి ఆ ఏర్పాటు ఉండదు. మధ్యాహ్నం ఎండ కాసిన ప్రతిసారీ ఆ ప్యానెల్ తన పని తాను చేసుకుపోతుంది, మీరు అమలాపురంలో ఉన్నా సరే.

అందుకే ముందు ప్యానెల్ వైరు తీయండి, తర్వాతే బ్యాటరీ. ఈ వరస తప్పితే ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఛార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోలర్ పాడవచ్చు. మెయిన్ స్విచ్ ఆపేశాను కదా అంటారు. ఆపాక లోపల చీకట్లో నేలకు జానెడు ఎత్తున చూడండి. గ్యాస్ అలారం పచ్చ లైటు ఇంకా వెలుగుతుంటే అది నేరుగా బ్యాటరీ నుంచే కరెంటు తాగుతోందన్నమాట. నెగెటివ్ కేబుల్ ముందు విప్పి, బ్యాటరీని ఇంట్లోకి తెచ్చేయండి. లిథియం అయితే సగం ఛార్జితో ఉంచండి.

మీది పాత రకం లెడ్ యాసిడ్ అయితే నిండా ఛార్జ్ చేయాలి. నిండుగా ఉన్నది మైనస్ 60 దాకా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయింది మైనస్ 10కే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. ఇంకొకాయన క్యాంపర్‌లో రూమ్ హీటర్ పెట్టి వస్తానన్నాడు. వద్దు నాయనా, మనిషి లేనిచోట హీటరేమిటి? ఎన్నిసార్లు చెప్పాలి?

టీవీ విప్పి తెచ్చుకోండి. తెచ్చేముందు బయటే ప్లాస్టిక్ కవర్ చుట్టి మూతి బిగించండి. వెచ్చటి గదిలోకి రాగానే చెమ్మ పడుతుంది, నీటి చుక్కలు కవర్ మీద నిలబడతాయి, స్క్రీన్ మీద కాదు. ఆ రోజంతా ఆన్ చేయకండి. రిమోట్లలో సెల్స్ తీసేయండి.

నా మొదటి చలికాలం అడగడానికి మనిషి లేక రాత్రిళ్లు లేచి కిటికీలోంచి కారు వైపు చూసుకుంటూ గడిచింది. మీకు అంత టెన్షన్ అక్కర్లేదు. నిజం చెప్పాలంటే, ఆపేసి ఉన్న వైరింగుకు, బోర్డులకు చలి చేసే చెరుపు తక్కువే. బ్యాటరీ ఒక్కటి చూసుకుంటే మిగతావి చాలావరకు వాటంతటవే తట్టుకుంటాయి.

అద్దె గదిలో బ్యాటరీకి చోటు లేకపోతే, అక్కడే ఉండిపోయే మనవాళ్ల బేస్‌మెంట్‌లో పెట్టి రండి. అడిగితే ఎవరూ కాదనరు.