చలి ముదరకముందే చూసుకోవలసిన జాగ్రత్తలు

డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లోనూ, లంబసింగి, అరకు వైపునా రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి పడిపోవడం మామూలే. స్వెట్టర్లు బయటికి తీయడం ఎవరూ మరిచిపోరు, మరిచిపోయేవి ఇవి.

• తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోకూడదు. నివురుగప్పిన బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు కనుక, మెలకువ రాకుండానే ప్రాణం పోవచ్చు. కిటికీ ఓరగా తెరిచి ఉంచితే చాలుననుకోవడం పొరపాటు. పడుకునే ముందే కుంపటిని ఆరుబయట పెట్టాలి.

• గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం. చలిగాలి రాకుండా స్నానాల గది వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టి ఉంటే, ముందు దాన్ని తీసేయాలి. బకెట్టు నింపి, గీజరు కట్టేశాకే తలుపు వేసుకోవాలి.

• రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఎండ వచ్చాకే నడకకు బయలుదేరాలి. చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తపోటు పెరుగుతుంది, చల్లగాలికి ఆయాసమూ ఎక్కువవుతుంది. దారిలో ఛాతీ బరువెక్కితే, గ్యాసేలే అని సర్దిచెప్పుకుని ఇంటిదాకా నడవకుండా, అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయాలి.

• పొగమంచులో రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే వాహనాలు కనబడేలా నడవాలి. ముదురురంగు శాలువా కప్పుకున్న మనిషి డ్రైవరుకు దగ్గరికి వచ్చేదాకా కనబడడు.

• చెమటకు తడిసిన బనియనును ఇల్లు చేరగానే మార్చుకోవాలి. తడిబట్ట ఒంటి వేడిని లాగేస్తుంది.