పిల్లల చేతిలో డబ్బు నిలవడం లేదా? డెల్టా ఇళ్లలో కనిపించే సమస్యలు, వాటి కారణాలు, పరిష్కారాలు

గోదావరి డెల్టాలోని చాలా ఇళ్లకు డబ్బు నెలజీతంలా సమంగా రాదు. సార్వా (ఖరీఫ్) ధాన్యం అమ్మినప్పుడు ఒకసారి, దాళ్వా (రబీ) అమ్మినప్పుడు మరొకసారి, కొబ్బరి దింపు తీసినప్పుడల్లా కొంత, రొయ్యల చెరువు పట్టుబడి బాగుంటే ఒకేసారి పెద్ద మొత్తం వస్తుంది. మధ్యలో ఉన్న నెలలు అప్పుతోనో సర్దుబాటుతోనో గడుస్తాయి. ఈ ఎగుడుదిగుడు చూస్తూ పెరిగే పిల్లలకు, ఒకటో తారీఖున జీతం పడే ఇళ్ల కోసం చెప్పే పొదుపు పాఠాలు సరిగా అతకవు. కింది సమస్యల్లో చాలావాటికి మూలం పిల్లల స్వభావంలో కాక పెద్దలు డబ్బును కదిపే తీరులోనే ఉంటుంది కాబట్టి, మందు కూడా తరచుగా పెద్దలకే వేయవలసి వస్తుందని ముందే చెప్పడం న్యాయం.

సంక్రాంతికి వచ్చిన డబ్బు ముక్కనుమ దాటదు

భోగి నాటి నుంచి మేనమామలు, బాబాయిలు, హైదరాబాదు నుంచి వచ్చిన పెదనాన్నలు తలా ఒక నోటు పిల్లల చేతిలో పెడతారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికో, దగ్గరలోని మరో తీర్థానికో వెళ్లి వచ్చేసరికి జీళ్లకు, బూరలకు, బొమ్మ తుపాకులకు అందులో సగం పోతుంది; మిగతా సగం మరునాటికి ఎలా కరిగిందో ఆ పిల్లలకే తెలియదు. దీన్ని దుబారా అని తిట్టడం సులువే గాని, అసలు కారణం వేరు. ఒక్కసారిగా వచ్చిన మొత్తాన్ని రాబోయే రోజులకు పంచుకునే పని ఆ పిల్లలకు ఎవరూ చేసి చూపలేదు. పట్టుబడి డబ్బు రాగానే కొత్త మోటారు సైకిలు కొని, తరువాతి పంటకు మేత అప్పు పెట్టే ఇంట్లో అది నేర్చుకునే అవకాశం కూడా తక్కువే.

దాళ్వాలో నదిలో నీరు తగ్గితే కాలువలకు వంతులవారీగా నీరు వదలడం ఇక్కడి పిల్లలు ఎరిగినదే. పండగ డబ్బుకూ అలాంటి వంతే పెట్టాలి. ఉదాహరణకు 1,200 రూపాయలు వస్తాయనుకుంటే, 300 రూపాయలను తీర్థంలో ఎవరూ లెక్క అడగకుండా ఖర్చుపెట్టుకోవడానికి వదిలేసి, 500 ఖాతాలో వేసి, మిగిలిన 400 రూపాయలను నాలుగు కవర్లలో పెట్టి ఫిబ్రవరి నుంచి మే వరకు నెలకొకటి చొప్పున ఇవ్వవచ్చు. ఈ పంపకం భోగికి ముందే పిల్లల చేతనే కాగితం మీద రాయించడం ముఖ్యం, ఎందుకంటే నోట్లు చేతిలో పడ్డాక చేసే పంపకం ఏడుపుతోనే ముగుస్తుంది. మార్చి కవరును ఫిబ్రవరిలోనే చింపితే మార్చి అంతా ఖాళీ చేతులతో ఉండనివ్వండి. తాతయ్య జాలిపడి రహస్యంగా మరో నోటు ఇస్తే ఆ ఏటికి పాఠం పోయినట్టే, కనుక తాతయ్యతో ముందే మాట్లాడుకోవాలి.

పండగకు సంబంధించిన మరో చిక్కు, పదేళ్లు దాటిన పిల్లలు కోడిపందేల బరుల పక్కన, గళ్ల మీద డబ్బు కాసే గుండాట బల్ల దగ్గర చేరడం. డబ్బు పెట్టి ఆడే ఇలాంటి ఆటలు 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం నేరమే. అయితే తండ్రి అదే బరి దగ్గర నిలబడి ఉండగా జూదం తప్పని చెబితే పిల్లవాడు నమ్మడు. లెక్క చూపితే నమ్ముతాడు. కాగితం మీద ఆరు గళ్లు గీసి అంకెలు వేయండి, వైకుంఠపాళీ పాచిక ఒకటి తీసుకోండి, పిల్లవాడికి అరవై చింతపిక్కలు ఇవ్వండి. ప్రతిసారీ ఆరు గళ్లలోనూ ఒక్కొక్క పిక్క పెట్టించి, పాచిక వేశాక ఆ ఆరు పిక్కలూ మీరు తీసుకుని, పడిన గడికి ఐదు పిక్కలు చెల్లించండి. ఏ అంకె పడినా వాడి దగ్గర ఒక పిక్క తగ్గుతుంది, పదిసార్లు వేసేసరికి పది పిక్కలు మీ వైపు చేరతాయి. తరువాత వాడిని ఆడించేవాడి స్థానంలో కూర్చోబెట్టండి. బల్ల వెనుక ఉన్నవాడికి దక్కేది అదృష్టం కాదని, ఆట నియమంలోనే దాగిన కమీషనని వాడే చెబుతాడు.

హుండీ ఎన్నాళ్లకూ నిండదు

పిల్ల రోజూ ఏదో ఒకటి వేస్తూనే ఉంటుంది, ఊపి చూస్తే మాత్రం చప్పుడు పెరగదు. తమ్ముడిని అనుమానించే ముందు ఇంట్లోని పెద్దలు తమను తాము ఒకసారి ప్రశ్నించుకోవాలి. గ్యాసు బండ వచ్చినప్పుడు ఇరవై తక్కువైతేనో, పాల మనిషికి చిల్లర లేకపోతేనో, హుండీ అడుగు మూత తీసి "రేపు వేసేద్దాంలే" అనుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ రేపు రాదని పిల్లలు రెండు మూడుసార్లు చూస్తే చాలు, దాచుకున్నది ఎలాగూ పోయేదే కాబట్టి ముందే కొనుక్కు తినడం మేలని తేల్చుకుంటారు. నిజానికి ఆ పరిస్థితిలో అది తెలివైన నిర్ణయమే. దాన్ని చెడ్డ అలవాటుగా చూసి మందలిస్తే మన పరువే పోతుంది.

దీనికి మార్గం మన ఇళ్లలోనే ఉంది. డ్వాక్రా సంఘం సమావేశానికి తల్లి వెంట వెళ్లిన పిల్లలు పొదుపు కట్టడం, అప్పు తీసుకోవడం, వాయిదా చెల్లించడం, పుస్తకంలో రాయడం చూసే ఉంటారు. అదే పద్ధతిలో ఒక నోటుపుస్తకంలో తేదీ, వేసినది, తీసినది, నిల్వ అని నాలుగు గళ్లు గీసి హుండీ పక్కనే ఉంచండి. పెద్దలు తీసుకోవలసి వస్తే పిల్లను అడిగి, ఏ రోజు తిరిగి ఇస్తారో రాసి, సంతకం పెట్టి తీసుకోవాలి. పిల్ల "ఇవ్వను" అంటే ఆ మాట చెల్లాలి. ఇచ్చేటప్పుడు ఊళ్లో నడిచే "నూటికి రెండు రూపాయల" వడ్డీ కూడా కలిపి ఇస్తే, ఆ లెక్క వల్ల మరో పెద్ద విషయం తెలుస్తుంది. వెయ్యి రూపాయలకు నూటికి రెండు చొప్పున నెలకు ఇరవై, ఏడాదికి 240 రూపాయలు అవుతుంది. అదే వెయ్యి పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేస్తే నాలుగు శాతం చొప్పున ఏడాదికి వచ్చేది 40 రూపాయలు. తీసుకునే అప్పు ఖరీదూ, దాచుకునే సొమ్ముకు వచ్చే ప్రతిఫలమూ ఎంత దూరంగా ఉన్నాయో ఆరో తరగతి పిల్లకు ఈ రెండు అంకెలు చాలు. ఇంట్లో అప్పు ఉండగా పొదుపు గురించి గొప్పగా ఉపన్యసించడం ఎందుకు అతకదో కూడా పనిలో పనిగా అర్థమవుతుంది.

హుండీ పగలగొడితే నోట్లు చెడిపోయి ఉన్నాయి, నాణేలు కొట్టులో చెల్లడం లేదు

ఇది పిల్లల తప్పు కాదు, వాతావరణానిది. వానాకాలపు చెమ్మకు, లంక ఊళ్లలోనైతే వరద నీటికి, మట్టి హుండీలోని కాగితం అట్టకట్టి బూజు పడుతుంది. నోట్లను హుండీలో వేయనివ్వకండి. వచ్చినవి వచ్చినట్టు ఖాతాలో వేయించి, హుండీని నాణేలకే ఉంచండి. అంటుకుపోయిన నోట్లను లాగకుండా నీడలో ఆరబెట్టి, చినిగినా పారేయకుండా బ్యాంకు శాఖకు తీసుకువెళ్లండి. ఇరవై రూపాయల వరకు నోటులో సగానికి మించిన ముక్క మిగిలితే పూర్తి విలువ ఇస్తారు. యాభై, అంతకు పైబడిన నోట్లకు 80 శాతం మించిన ముక్క ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం వరకు ఉంటే సగం విలువ వస్తుంది. పది రూపాయల నాణెం చెల్లదన్నది పుకారు మాత్రమే. వేర్వేరు రూపాల్లో వచ్చిన పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది.

ఒక ఫోనుతో ఏదైనా వచ్చేస్తుంది: గల్ఫ్ ఇళ్లు

తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తూ, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు కోనసీమలో ఎన్నో ఉన్నాయి. ఇక్కడి లక్షణం స్పష్టం. అమ్మమ్మ వద్దన్నది రాత్రి వీడియో కాల్‌లో అడిగితే మంజూరవుతుంది. పిల్లలు క్రమంగా అమ్మమ్మను అడగడమే మానేస్తారు. దగ్గర లేననే బాధను డబ్బుతో పూడ్చాలని తల్లి ప్రయత్నించడం ఒక కారణమైతే, అంతకంటే పెద్దది మరొకటి ఉంది. ఆ డబ్బు ఎలా వస్తోందో పిల్లలు ఎన్నడూ చూడలేదు. పొలంలో నాన్న వంగి నాట్లు వేయడం చూసిన పిల్లకు వంద రూపాయల బరువు కొంతైనా తెలుస్తుంది, ఫోనులో మోగే బ్యాంకు మెసేజికి ఏ బరువూ ఉండదు.

మొదట చేయవలసింది, కొనాలా వద్దా అనే నిర్ణయం అమ్మమ్మదేనని తల్లి పిల్లల ఎదుటే చెప్పి, తరువాత ఎంత బతిమాలినా ఆ మాట మీద నిలబడడం. రెండవది, వారాంతపు సెలవు రోజున మాట్లాడేటప్పుడు నెలకొకసారి లెక్క చదివించడం: ఈ నెల ఎంత పంపాను, అందులో వీసా కోసం చేసిన అప్పుకు ఎంత పోయింది, బడి ఫీజు ఎంత, అమ్మమ్మ బీపీ మాత్రలకు ఎంత, మిగిలింది ఎంత. చదివేది పిల్లలే కావాలి. ఎన్ని గంటలకు లేస్తుందో, ఏ పని చేస్తుందో తల్లి మామూలు గొంతుతో చెప్పవచ్చు గాని, "నీ కోసమే ఇంత కష్టపడుతున్నాను" అనే మాటను మాత్రం వాడకూడదు. ఆ మాట విన్న పిల్లలు కొందరు అపరాధ భావంతో పుస్తకాలకు కావలసినది కూడా అడగరు. మరికొందరు చెవిన పెట్టరు. రెండూ నష్టమే.

ఏ పని చెప్పినా "ఎంత ఇస్తావు?" అంటారు

ప్రతి చిన్న పనికీ పది రూపాయలు ఇచ్చి అలవాటు చేసిన ఇంట్లో ఈ ప్రశ్న రావడంలో వింత లేదు. తిన్న కంచం తీయడం, మంచినీళ్లు తేవడం, చెల్లెలిని బడి నుంచి తీసుకురావడం ఇంటి పనులు, వాటికి కూలి ఉండదు. బయట కొనేవారున్న పనికి మాత్రం కూలి ఉండవచ్చు. వేసవి సెలవుల్లో కొబ్బరి ఆకుల నుంచి ఈనెలు చీరి, ఎండబెట్టి, చీపురు కట్టి అమ్మితే వచ్చే డబ్బు పూర్తిగా పిల్లలదే కానివ్వండి. ఈనె చీరేటప్పుడు వేళ్లు కోసుకుపోతాయి, బేరంలో ఐదు రూపాయలు తగ్గుతాయి, కట్టిన చీపురు ఒక్కోసారి రెండు రోజులు అమ్ముడుపోదు. ఇవన్నీ తెలిశాక బజారులో మిక్చరు పొట్లం ధర అడిగే తీరే మారుతుంది.

"తల్లికి వందనం నా పేరు మీదే వచ్చింది, సైకిలు కొను"

బడికి వెళ్లే పిల్లల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఈ పథకం కింద తల్లి ఖాతాలో బిడ్డకు 13,000 రూపాయల చొప్పున పడటం మొదలైనప్పటి నుంచి వినిపిస్తున్న మాట ఇది. పిల్లల వాదనలో కొంత న్యాయం ఉంది. "నీకేం తెలుసు, ఊరుకో" అనడం వల్ల ఇంట్లో డబ్బు రహస్యమవుతుంది. ఆ సొమ్ము చదువు కోసం వచ్చిందని చెప్పి, బూట్లు, పుస్తకాలు, ఆటో కిరాయి, ట్యూషను వరుసగా రాసి, ఏడాదికి ఎంత అవుతుందో పిల్లల చేత కూడించండి. మొత్తం చాలా ఇళ్లలో పదమూడు వేలు దాటుతుంది. దాటకపోతే మిగిలినది సైకిలుకు మొదటి వాయిదా కావచ్చు, మిగతాది వారి పొదుపు నుంచి రావాలి.

ఫోనులో తెలియకుండా డబ్బు పోతోంది

యూపీఐ పిన్‌ను పిల్లల చేత కొట్టించడం వల్లనే ఇది ఎక్కువగా జరుగుతోంది. పిన్ వెంటనే మార్చి, ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేలా పెట్టండి. ఖర్చుల ఖాతాను వేరుచేసి అందులో కొద్ది మొత్తమే ఉంచడం మరింత క్షేమం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అలాంటి ఆప్ ఏదైనా ఫోనులో కనిపిస్తే తీసేయండి. ఎవరైనా మోసం చేసి లాగేసుకున్న డబ్బయితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. భయంతో పిల్లలు రెండు రోజులు దాచిపెడితే ఆ డబ్బు దొరకడం కష్టం కాబట్టి, చెప్పినందుకు కొట్టబోమన్న హామీ ముందే ఇచ్చి ఉంచడం అవసరం.

దాస్తుంది, ఒక్క రూపాయి తీయదు

పెద్దలు మెచ్చుకునే ఈ లక్షణం కూడా సమస్యే. ఖర్చుపెట్టినప్పుడల్లా చీవాట్లు తిన్న పిల్లలకు కొనడమంటేనే భయం పడుతుంది. ఒక వస్తువు పేరు, ధర, కొనవలసిన నెల రాయించి, ఆ నెల రాగానే తప్పక కొనిపించండి.

ఖాతా ఉంది, కాని పిల్లలకు దాని సంగతే తెలియదు

సుకన్య సమృద్ధి వంటి ఖాతాలు ఆడపిల్ల భవిష్యత్తుకు మంచివే. పదేళ్ల లోపు తెరవాలి, ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టాలి, పద్దెనిమిదేళ్లు నిండాక గాని పదో తరగతి పాసయ్యాక గాని పై చదువుల కోసం నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. అయితే ఇది పెద్దలు నడిపే ఖాతా, దీన్ని చూసి పిల్ల డబ్బు నడపడం నేర్చుకోదు. అందుకు వేరే సేవింగ్స్ ఖాతా కావాలి. పోస్టాఫీసులో పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరుతో తామే ఖాతా తెరిచి నడపవచ్చు, కనీస మొత్తం 500 రూపాయలు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని, పరిమితులు బ్యాంకులే నిర్ణయించుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. మైనర్ల ఖాతాలో ఉన్నదానికి మించి తీసే వీలు ఉండదు. ఫారం పిల్లల చేత నింపించండి, సొమ్ము వారి చేతే కౌంటరులో కట్టించండి, మూడు నెలలకొకసారి పాసుపుస్తకం ముద్రించి తెచ్చే పని కూడా వారికే అప్పగించండి, వడ్డీ పడిన వరుసను వారే వెతికి చూపాలి. పద్దెనిమిదేళ్లు నిండగానే కొత్త సంతకం నమూనా ఇచ్చి వివరాలు మళ్లీ నమోదు చేయించాలి కాబట్టి, ఆ పుట్టినరోజు వచ్చే నెలలోనే ఆధార్ కాగితాలతో శాఖకు ఒకసారి వెళ్లి రావడం మంచిది.