సహాయనటన స్వయంశిక్షణ – 4వ పాఠం: క్లాడ్ రైన్స్ గొంతు తగ్గించిన తీరు

పోయిన పాఠంలో ఫ్రేము అంచున నిలబడి ఎదుటివాడి డైలాగు వినడం అభ్యాసం చేశాం. ఈ వారం వాచికం, అంటే మాట పలికే తీరు. ఇందుకు పాత హాలీవుడ్ నటుడు క్లాడ్ రైన్స్‌ను తీసుకుంటున్నాం. ఒక ఫోను, హెడ్‌ఫోన్లు, పలచని కండువా, రోజుకు అరగంట సమయం ఉంటే చాలు. చూడాల్సిన సినిమాలు మూడు: 'ది ఇన్విజిబుల్ మ్యాన్' (1933), 'కాసాబ్లాంకా' (1942), 'నొటోరియస్' (1946). ఇదే వరుసలో చూడండి. ఒకే గొంతు పదమూడేళ్ళలో ఎంత తగ్గిందో, తగ్గేకొద్దీ ఎంత బలపడిందో వినడమే ఈ పాఠం కాబట్టి వరుస తప్పితే సగం చేజారుతుంది.

ముందు ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. రైన్స్ 1889 నవంబరు 10న లండన్‌లో పుట్టాడు. చిన్నతనంలో మాట అంతా కాక్నీ (లండన్ శ్రామికవాడల) యాస, పైగా 'ర' పలికేది కాదు, 'వ' అయిపోయేది. అలాంటి పిల్లవాడు నాటకశాలలో కాల్‌బాయ్‌గా చేరాడు. నటుల గది తలుపు తట్టి 'మీ వంతు వచ్చింది' అని పిలిచే పని అది. తర్వాత ప్రాంప్టర్ (నటులు మరచిన మాట తెర వెనకనుంచి అందించేవాడు), ఆపైన స్టేజ్ మేనేజర్. హిజ్ మెజెస్టీస్ థియేటర్ నడిపిన హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ తన డబ్బుతో అతనికి ఉచ్చారణ నేర్పించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు సోకి కుడికన్ను చూపు దాదాపుగా పోయింది. యుద్ధం తర్వాత లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో పాఠాలు చెప్పాడు. తర్వాత పేరుమోసిన నటులు జాన్ గీల్‌గుడ్, చార్లెస్ లాటన్ అక్కడ అతని శిష్యులే. అంటే 'ర' పలకనివాడు వాచికం నేర్పే గురువయ్యాడు. మనం వినబోయేది సాధనతో కట్టుకున్న గొంతు, అందుకే నేర్చుకునేవాడికి పనికొస్తుంది. దేవుడిచ్చిన గొంతును విని ఆనందించగలం గానీ అందులోంచి పాఠం తీయడం కష్టం.

మొదటి రెండు రోజులు 'ది ఇన్విజిబుల్ మ్యాన్'. రైన్స్‌కు అప్పటికి 43 ఏళ్ళు, మాట్లాడే సినిమాలో అదే తొలి వేషం. దర్శకుడు జేమ్స్ వేల్ ఆ గొంతు కోసమే అతణ్ణి తీసుకున్నాడు. సినిమా అంతా మొహానికి కట్లు, కళ్ళకు నల్లద్దాలు, లేదా అసలు మనిషే కనిపించడు. మొహం కనిపించేది చివరి షాట్‌లోనే. మొదట తెర వైపు వీపు పెట్టి అరగంట వినండి. వెర్రి ముదిరే ఘట్టాల్లో ఆ గొంతు నాటకశాల వెనక వరుసకు వినిపించేలా లేస్తుంది. ఆ లేవడం కొన్నిచోట్ల ఎక్కువైందనే మా అభిప్రాయం. అయినా ఒక్క హల్లు నలగదు, గమనించండి.

ఇప్పుడు మీ వంతు. కండువా రెండు మడతలు వేసి నోటి మీద కట్టుకోండి. ఫోను మీటరు దూరంలో పెట్టి, ఇరవై మాటలకు మించని ఒక వాక్యాన్ని మామూలు గొంతుతో చదివి రికార్డు చేయండి. విన్నప్పుడు స, శ, చ మసకబారి ఉంటాయి, గుడ్డ వాటినే ముందు మింగుతుంది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు గొంతు పెంచడం. పెంచితే అచ్చులు పెరుగుతాయి గానీ, పోయిన హల్లులు తిరిగి రావు. గొంతు అంతే ఉంచి, హల్లు దగ్గర నాలుకను ఒక్క రవ్వ ఎక్కువసేపు ఆనించండి. ఆరేడుసార్లు చేశాక కండువా తీసి అదే వాక్యం చెప్పి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఒక జాగ్రత్త: చాలా ఫోన్లు చిన్న గొంతును వాటంతటవే పెంచి రికార్డు చేస్తాయి. సెట్టింగుల్లో దాన్ని ఆపే వీలుంటే ఆపండి. లేకపోతే గుసగుస కూడా బాగానే వినిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

మూడో రోజు నుంచి 'కాసాబ్లాంకా'. ఇందులో రైన్స్ లంచగొండి పోలీసు అధికారి కెప్టెన్ రెనో. రిక్ నడిపే క్లబ్బును మూయించాలి, కారణం కావాలి. ఇక్కడ జూదం ఆడుతున్నారా అని నిర్ఘాంతపోయినట్టు బిగ్గరగా అంటాడు. ఆ క్షణానే జూదపుబల్ల దగ్గరి మనిషి వచ్చి, గెలిచిన డబ్బు చేతిలో పెడతాడు. రైన్స్ గొంతు దించి మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, మళ్ళీ హాలంతా వినేలా అందర్నీ బయటికి పొమ్మంటాడు. కొన్ని సెకన్లలో మూడు గొంతులు: హాలుకు ఒకటి, పక్కవాడికి ఒకటి, మళ్ళీ హాలుకు. కన్ను గీటడు. నవ్వు మనకు వదిలేస్తాడు.

దీన్ని అభ్యాసం చేయడానికి ఇద్దరు మనుషులు దొరికితే మంచిది, లేకపోతే రెండు కుర్చీలు. ఒకటి నాలుగు మీటర్ల దూరంలో, రెండోది మీ భుజం పక్కన. దూరపు కుర్చీకి ఒక వాక్యం, పక్క కుర్చీకి రెండే మాటలు, మళ్ళీ దూరానికి ఒక ఆజ్ఞ, అన్నీ ఒకే గుక్కలో. రెండు మాటల దగ్గర గొంతు తగ్గాలి గానీ వేగం మారకూడదు. చాలామందికి ఇక్కడే తప్పుతుంది: గొంతు తగ్గించగానే మాట కూడా గబగబా పరుగెత్తి, రహస్యం చెబుతున్నట్టు అవుతుంది. రెనోకు అది రహస్యం కాదు, రోజూ జరిగే పని. ఆ తేడా తెలిస్తే వేషం సగం వచ్చినట్టే.

తెలుగులో ఈ పాఠం చేసేవాళ్ళకు ఒక ప్రమాదం ఉంది, దాని దగ్గర కాస్త ఆగుదాం. రైన్స్ వాక్యం చివర గొంతును నెమ్మదిగా జార్చేస్తాడు. ఇంగ్లీషులో అది చెల్లుతుంది, 'కాదు' అనే మాట సాధారణంగా వాక్యం మధ్యలోనే వచ్చేసి ఉంటుంది. మనకు క్రియ చివర వస్తుంది, అవునో కాదో కూడా అక్కడే తేలుతుంది. 'రేపు డబ్బు ఇస్తాను', 'రేపు డబ్బు ఇవ్వను' – తోక మింగితే రెండూ ఒకటే. జారుడును యథాతథంగా అనుకరిస్తే కథే తలకిందులవుతుంది. కాబట్టి గొంతు స్థాయి దించండి, కానీ చివరి క్రియలో హల్లులను కండువా అభ్యాసంలో లాగే ఆనించి పలకండి. పద్యనాటకం నుంచి వచ్చినవాళ్ళకు దీనికి వ్యతిరేకమైన చిక్కు: తోకను సాగదీసి పాడతారు. వాళ్ళు చివరి అక్షరాన్ని చప్పట్లో సగం కాలానికి కోసేయాలి.

అరుపు సంగతి చిన్నగా. 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్' (1939)లో సెనేటర్ పెయిన్‌గా రెండు గంటలపాటు పెద్దమనిషి తరహాలో మాట్లాడి, చివర సభలోకి పరుగెత్తుకొచ్చి నేరం ఒప్పుకుంటూ కేకలు పెడతాడు. ముందు దాచుకున్నాడు గనక అక్కడ ఖర్చు పెట్టగలిగాడు. ఆ వేషానికే తొలి ఆస్కార్ నామినేషన్. మొత్తం నాలుగు వచ్చాయి, ఒక్కటీ చేతికి రాలేదు.

ఆరో రోజు, ఏడో రోజు 'నొటోరియస్'. హిచ్‌కాక్ సినిమా. రైన్స్ ఇందులో అలెక్స్ సెబాస్టియన్, బ్రెజిల్‌లో దాక్కున్న నాజీ. తాను పెళ్ళాడింది గూఢచారిణినని తెలిశాక తెల్లవారుజామున తల్లి గదికి వెళ్ళి చెప్పే దృశ్యం వినండి. 1933లో గొంతు పెట్టి అరిచిన మనిషి, ఇక్కడ దాదాపు ఊపిరితోనే మాట్లాడతాడు. (తల్లిగా వేసిన లియోపోల్డీన్ కాన్‌స్టాంటిన్ అతనికంటే మూడేళ్ళే పెద్ద. గొంతులో పిల్లవాడు రావడం వల్లే ఆ బంధం నిలిచింది.)

తర్వాత చివరి మెట్ల దృశ్యం. విషంతో సొమ్మసిల్లుతున్న భార్యను, అమెరికా ఏజెంటుగా వేసిన కేరీ గ్రాంట్ కిందికి దింపుతుంటాడు, హాల్లో తోటి నాజీలు చూస్తుంటారు. ఆమె గూఢచారిణి అని వాళ్ళకు తెలిస్తే సెబాస్టియన్ ప్రాణానికే ముప్పు. రైన్స్ మర్యాద తప్పకూడదు, భయం కనిపించకూడదు. కారు తలుపు మూసుకుపోయాక, ఇంట్లోంచి తనను పిలిచినప్పుడు మాట లేకుండా వెనుదిరిగి మెట్లెక్కుతాడు. ఈ దృశ్యాన్ని మూడుసార్లు చూడాలి: ఒకసారి శబ్దం తీసేసి, ఒకసారి తెర చూడకుండా, చివరికి రెండూ కలిపి. రెండోసారి వినేటప్పుడు కాగితం మీద ఎవరితో ఏ గొంతు వాడాడో రాయండి. గ్రాంట్‌తో మాట్లాడేది వేరు, హాల్లోంచి చూసేవాళ్ళకు వినిపించేది వేరు.

వచ్చే పాఠం కనుబొమ్మల మీద. అప్పటికి మీ దగ్గర ఉండాల్సింది ఒకే రికార్డింగు: మెట్లు ఎక్కుతూ, ఎవరో పిలిస్తే ఆగి, 'వస్తున్నాను' అనే ఒక్క మాట. నాలుగు మీటర్ల దూరంలో పెట్టిన ఫోనుకు చివరి 'ను' స్పష్టంగా వినపడాలి.